ఆడవాళ్ళ వైపు సుశీల్ కుమార్

మా ఫ్లోరా, సుశీల్ కుమార్ విడాకులు తీసుకున్నది నెల్లూరు కోర్టులోనే అయినా, అసలు వాదన నడిచింది మాత్రం తోటపల్లి గూడూరులో, మా చర్చిలో. ఫ్లోరా నాకు చెల్లెలి వరస. సుశీల్‌కి రొయ్యల చెరువుంది. ఇద్దరిదీ ఒకే సంఘం కావడంతో, విడిపోయాక కూడా ప్రతి ఆదివారం ఆమె ఆడవాళ్ళ వైపు జంపకానా మీద, అతను మగవాళ్ళ వైపు జంపకానా మీద కూర్చుంటున్నారు. కాపురం చేసినన్నాళ్ళూ వీళ్ళు ఇంత క్రమంగా కలుసుకున్నది లేదని మా ఆయన కృపాదానం అన్నాడు. ఆయన సంఘ పెద్ద. అలాంటి మాటలు ఇంట్లోనే అంటాడు.

డబ్బు సంగతి సులువుగా తేలింది. పాప ఖర్చులకి నెలనెలా ఎంతిస్తావని లాయరు అడిగితే, రొయ్యలు తనకి నెలజీతం ఇవ్వడం లేదన్నాడట సుశీల్. చెరువు పట్టి సరుకు అమ్మినప్పుడల్లా ఇచ్చేట్టు రాసుకున్నారు. చిక్కంతా ఆ కింది వాక్యంలో వచ్చింది. ఏడేళ్ళ ఏంజెలిన్ తల్లి దగ్గర పెరుగుతుంది. ప్రతి ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా తండ్రితో ఉంటుంది.

లాయరు గారిది బుచ్చిరెడ్డిపాలెం. ఆయన లెక్కలో ఆదివారమంటే సెలవు. కాగితం చదివి వినిపించి, సమ్మతమేనా అని అడిగితే ఇద్దరూ తలలు వంచుకుని సరేనన్నారు. ఎవరు ఏది గంభీరంగా చదివినా చివర ఆమెన్ అనడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మా ఆరాధన పదికి మొదలై ఒంటిగంటకి ముగుస్తుందన్న సంగతి ఆ క్షణాన ఇద్దరికీ తట్టలేదు.

అలా పాప తల్లి పక్కన ఆడవాళ్ళ వైపు, తండ్రి కిటికీ పక్కన మగవాళ్ళ వైపు. పాప వేళ్ళూపితే అతను పాటల పుస్తకం చాటున వేళ్ళూపేవాడు. పాస్టర్ పరంజ్యోతి గారు "చివరిగా ఒక్క మాట" అన్నాక ఇంకో అరగంట మాట్లాడతారు. ఆశీర్వాదం అయి చెప్పులు వెతుక్కునేసరికి సుశీల్ వంతు అయిపోయేది.

మధ్యాహ్నం పంపమని ఫ్లోరాని అడిగాడు. ఆమె ఒప్పుకోలేదు. వారమంతా రొయ్యలు ఒలిచే షెడ్డులో పని చేసే మనిషికి, పాపకి తల అంటి, జడ వేసి, పక్కలో పడుకోబెట్టుకోవడానికి ఉన్నది ఆ పూట ఒక్కటే. లాయరునడిగితే మళ్ళీ అర్జీ వేయాలన్నాడు, మళ్ళీ ఫీజన్నాడు.

ఒకరోజు సుశీల్ మా వసారాలో కూర్చుని కాఫీ గ్లాసు తిప్పుతూ అన్నాడు.

"జయశీలక్కా, నా బిడ్డ గొంతు యిని ఎన్నాళ్ళయిందో. పాటలో ఉండాది గానీ, అంతమందిలో ఏది దాని గొంతో తెలవడం లేదు."

నేను ఇంత మాత్రం అన్నాను.

"పాప నీతో ఉండాలని కాగితంలో రాసినారు. నువ్వు యాడ కూర్చోవాలో రాయలేదు గదబ్బయా."

అని, గ్లాసు కడగడానికి లోపలికి పోయాను.

మరుసటి ఆదివారం రెండో పాట దగ్గర సుశీల్ లేచాడు. రెండు జంపకానాల మధ్య నడవ దాటి వచ్చి ఏంజెలిన్ పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు. పాస్టర్ గారికి పాట నోట్లోనే ఆగిపోయింది. మా ఆయన తల అటూ ఇటూ స్టాండు ఫ్యానులా తిరిగింది. నేను బైబిల్లో అక్షరాలు చాలా శ్రద్ధగా చూశాను.

ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. తాతల నాటి పద్ధతి అన్నారు పాస్టర్ గారు. సుశీల్ గొంతు పెంచలేదు.

"అయ్యగారూ, కోర్టోళ్ళు పాప నాతో ఉండాలంటారు. మీరు ఆడోళ్ళ పక్క కూర్చోవద్దంటారు. పాపని మగోళ్ళ పక్కకి పంపితే నాకు రెండూ సరిపోతాయి."

ఆడపిల్లని అటెలా కూర్చోబెడతామన్నారు పాస్టర్ గారు. సాయం చేద్దామన్న తాపత్రయంలో మా ఆయన, ప్రసంగం పన్నెండుకే ముగిస్తే ఎలా ఉంటుందని అడిగాడు. పెద్దలందరి ముఖాల్లో నేనెన్నడూ చూడని ఆత్మీయ వెలుగు కనిపించింది. పాస్టర్ గారు గబుక్కున ఫ్లోరా వైపు తిరిగి, నువ్వే ఏదైనా చెప్పమ్మా అన్నారు.

ఫ్లోరా సుశీల్‌తోనే అంది.

"వాక్యం జరిగినంతసేపూ అది నీ చెవిలో ఏందో చెప్తానే ఉండింది. నాకు అన్ని మాటలు చెప్పదు. వారం ఇడిసి వారం, మధ్యాన్నం అన్నం తిన్నాక తీసుకుపో. దీపాలేళకి తేవాల. చెరువు గట్టు మీద పరిగెత్తనీబాక. ఆ పూట తలకి నూనె బెట్టి జడేసేది నా పని. ఇంక నువ్వెయ్యి."

"జడా?" అన్నాడు సుశీల్. కోర్టులో కూడా అతను అంత బెదరలేదట.

మొదటి వంతు సాయంత్రం ఫ్లోరా నన్ను పిలిపించింది. పాప జడ బిగువుగా, కాస్త వంకరగా ఉంది. చివర, చెరువు మీద కొంగలు వాలకుండా కట్టే వల తాడుతో ముడి. రొయ్యల రైతు వేసిన ముడి మరి. ఇద్దరం కూర్చుని ఎంత లాగినా రాలేదు. చివరికి కత్తెర తెచ్చి తాడు మాత్రం కోశాం. నాన్న మళ్ళీ ఇట్టానే వేస్తానన్నాడని ఏంజెలిన్ మమ్మల్ని ముందుగానే హెచ్చరించింది.

పరంజ్యోతి గారి ప్రసంగం ఇప్పటికీ ఒంటిగంట దాకానే. దాని మీద అప్పీలు లేదు.

రెండో వంతుకి పాప సంచిలో ఫ్లోరా దువ్వెన పెట్టింది. దానితో పాటు ఎర్ర రిబ్బన్లు, ఒకటి కాదు, రెండు.

"జడ ఒకటే గదే, రెండెందుకు?" అన్నాను.

"ఒకటి ఏసేదానికి," అంది సంచి మూతి బిగిస్తూ. "ఒకటి పారేసుకునేదానికి. ఆయన సంగతి నాకు తెలవదా అక్కా."