సుమన అడిగిన సంతకం

కరోనా రెండో ఏడు. పరాయి రాష్ట్రంలోని డిండోలికి బతకపోయిన తెలుగు మగ్గం కార్మికుడు అంబదాస్‌కు మెదడులో గడ్డ పెరిగింది. అతనికి తెలివి సరిగ్గా లేదు. ఆపరేషన్‌కు ముందురోజు, సుమన అనే పరిశోధకురాలు అతని భార్య కొమురవ్వ దగ్గరికి ఒక సమ్మతి కాగితం తెచ్చింది.

"పెద్దమ్మా, తీసిన గడ్డల చిన్న ముక్క, జర నెత్తురు ఇస్తే, అండ్ల చిన్న ఆర్‌ఎన్‌ఏలు చూస్తం."

కొమురవ్వ సుమన కొంగు పట్టుకుంది. ఇంటి పక్కగదిలో ఉండే రఘుపతి కరోనా పరీక్ష కాగితంలో ఆర్‌ఎన్‌ఏ అన్న మాటే ఉంది. అతన్ని అంబులెన్స్‌లో తీసుకెళ్లారు, మళ్లీ రాలేదు. తనను నమ్మించడానికే తెలుగు పిల్లను పంపారేమో!

"ఆర్‌ఎన్‌ఏ అంటే కరోనా గదా? మా ఆయన్ను గా వార్డుల ఏస్తరా?"

"గది వైరస్‌ది. గివి మన ఒంట్లయే. ఏ జన్యువు ఎంత పనిచెయ్యాల్నో సర్దుతయి. గిసొంటి గడ్డలల్ల అవి లెక్క తప్పుతయి."

"గిది చూస్తే ఆయనకు నయమైతదా?"

సుమన తల అడ్డంగా ఊపింది. "కాదు. ముందట వచ్చేటోళ్లకు పనికొస్తదేమో."

ఇన్నాళ్లూ అందరూ నయమవుతుందనే చెప్పారు. కాదన్నది ఈమె ఒక్కతే. కొమురవ్వ సంతకం చేసింది. అయినా ఆ కాగితం నకలు చేతికిచ్చేదాకా సుమన కొంగు వదల్లేదు.