జాలి తియ్యకుంటే పోవు

మా అత్తగారు ఆదివారం వస్తున్నారని మా ఆయన గౌతమ్ చెప్పాడు. పాపని కూడా తీసుకొస్తున్నారట. "ఇల్లు చూసి, ఫరవాలేదనుకుంటే దాన్ని ఇక్కడే దింపి వెళ్తుందట. లేకపోతే మళ్ళీ ఏలూరే," అన్నాడు, నా మొహం చూడకుండా.

కన్నపిల్ల తిరిగొస్తుందంటే ఏ తల్లికైనా కాళ్ళు నేల మీద నిలవవు. నాకు మాత్రం వంటింటి సింకు గుర్తొచ్చింది. సింకు వెనక గోడ నిండా సన్నటి ఈగలు. నువ్వుగింజంత ఉంటాయి, బూడిదరంగు, రెక్కల మీద నూగు. దూరం నుంచి చూస్తే గోడ మీద కాఫీపొడి చల్లినట్టుంటుంది. వేలితో నొక్కితే మసిలా అంటుకుంటాయి. అదిలిస్తే జానెడు దూరం ఎగిరి మళ్ళీ అక్కడే కూర్చుంటాయి. ఇంటి ఓనరుకి కూడా అంత ధీమా ఉండదు.

మేముండేది నాచారంలో, సత్తమ్మగారి ఇంటి పైపోర్షన్‌లో. ఆవిడ కింద ఉంటారు. గౌతమ్‌కి చర్లపల్లిలో మందుల కంపెనీలో ఉద్యోగం. ఆ ఏడు వానాకాలంలో నాకు ఏడో నెలలోనే కాన్పయింది. మగపిల్లాడు. ఊపిరి తియ్యలేదు. అత్తగారు ఏలూరు నుంచి వచ్చి కొన్నాళ్ళు చేశారు, వెళ్తూ మూడేళ్ళ లిఖితని తనతో తీసుకెళ్ళారు. "నువ్వు కోలుకో. ఇల్లు ఇల్లులా అయ్యాక తెచ్చి దింపుతాను," అన్నారు. తర్వాత తెలంగాణ సమ్మె వచ్చింది, బస్సులాగాయి, రైళ్ళాగాయి. సమ్మె ముగిశాక కూడా ఆవిడ ఏదో ఒక వంక చెబుతూనే ఉన్నారు. ఫోన్ చేసినప్పుడల్లా "ఎలా ఉన్నావమ్మా?" అంటారు. "బాగున్నానండీ," అంటాను. అంతటితో మా ఇద్దరి మాటలూ అయిపోతాయి.

నేను ఏడవలేదు. చాలామంది దానికోసమే వచ్చారనుకుంటా, నిరాశపడి వెళ్ళారు. ఎదురింటావిడ, గౌతమ్ ఆఫీసువాళ్ళ భార్యలు, హబ్సిగూడలో ఉండే మా పెద్దమ్మ కూతురు, అందరూ మంచం పక్కన కూర్చుని "అయ్యో పాపం" అన్నారు, నా చెయ్యి నిమిరారు, అరటిపళ్ళు పెట్టి వెళ్ళారు. ఆ నెలల్లో మా ఇంట్లో దేనికైనా కరువొచ్చిందేమో గానీ జాలికి రాలేదు. నాకు మాత్రం ఏమీ అనిపించేది కాదు. గిన్నెలు సింకులో నానుతూ ఉండేవి. పొద్దున్నవి సాయంత్రానికి, సాయంత్రానివి మర్నాటికి. గౌతమ్ పాపం అప్పుడప్పుడూ తోమేవాడు, సగం సబ్బుతోనే బోర్లించేవాడు. ఈగలు ఎప్పుడొచ్చాయో నేను చూడలేదు. ఒకరోజు చూస్తే ఉన్నాయి.

ఇప్పుడిక అత్తగారు చూస్తారు. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమంటారు కదా, ఆవిడ ఆ సామెతని చట్టంలా అమలు చేసే మనిషి. ఆవిడ తోమిన గిన్నె చూస్తే గిన్నెకే భయమేసినట్టుంటుంది. ఆ గోడ చూశారంటే పిల్లని చంక దింపకుండానే వెనక్కి తిరుగుతారు. ఈగలు పోవాలి. పోతే పిల్ల ఉంటుంది. నాకు అర్థమైంది అంతే. పిల్ల ఉండాలని నాకు ఉందా అని మాత్రం నన్ను నేను అడగలేదు. అడిగితే ఏం జవాబొస్తుందో అని భయం.

మొదట గౌతమ్ తెచ్చిన మందు కొట్టాను. గోడ కింద ఈగలు రాలాయి. ఊడ్చి పారేశాను. తెల్లారేసరికి కొత్తవి వచ్చి కూర్చున్నాయి. తర్వాత అన్నం వార్చిన గంజి పొగలు కక్కుతుండగానే సింకులో పోశాను, వేడికి చస్తాయని. రెండు పూటలా పోశాను. అవి ఇంకాస్త పెరిగాయి.

కింద సత్తమ్మగారు వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతున్నారు. ఆవిడది జనగామ వైపు. భర్త కట్టించిన ఇల్లు, ఆయన పోయాక ఆవిడే గోడగోడకీ కాపలా. మేకు కొట్టాలన్నా అడగాలి. వెళ్ళి బ్లీచింగు పొడి ఉందా అని అడిగాను.

"ఎందుకు?" అన్నారు చేట ఆపి.

చెప్పాను.

"మోరీల ఈగలా? బ్లీచింగు గిట్ల ఏం పొయ్యకు, పైపులు ఖరాబయితయ్. మొదలు జాలి తియ్యి బిడ్డా. జాలి తియ్యకుంటే పోవు అవి. పైపైన ఎన్ని సంపితె ఏమున్నది, మల్ల వస్తనే ఉంటయ్."

నేను మెట్టు మీద అలాగే నిలబడ్డాను. "జాలి తియ్యాలా?" అన్నాను.

"ఆఁ. తీసి అవతల పడెయ్యి. అదే అంత లొల్లి," అంటుండగానే గేటు దగ్గర నల్లా సొయ్‌మంది. "నల్లా అచ్చింది!" అని ఆవిడ చేట వదిలేసి బిందె పట్టుకుని పరుగెత్తారు. నీళ్ళొచ్చినప్పుడు సత్తమ్మగారితో మాట్లాడటం దేవుడి తరం కూడా కాదు.

పైకొస్తూ ఆ మాట గురించి ఆలోచించాను. ఇన్నాళ్ళలో నాతో అలా మాట్లాడినవాళ్ళు లేరు. అందరూ జాలి తెచ్చి పోసేవాళ్ళే, తియ్యమన్నది ఈవిడొక్కతే. బహుశా వాళ్ళ వైపు అలాగే అంటారేమో, జాలి పడకు అనడానికి. లేక మా ఆంధ్రావాళ్ళ మీద కోపం ఇలా చూపిస్తున్నారా? ఆ రోజుల్లో ఊళ్ళో ఏ మాటకి ఏ అర్థం తియ్యాలో ఎవరికీ తెలిసేది కాదు. ఏదైతేనేం, నాకు మాట నచ్చింది.

తడితువ్వాలు మడిచి పట్టుకుని గోడ ముందు నిలబడ్డాను. జాలి తీసేసే చంపాను. తియ్యడానికి అక్కడేమీ లేదని కొట్టడం మొదలెట్టాకే తెలిసింది. ఈగ చచ్చినా, ఎగిరిపోయినా నాకొకటే. మధ్యాహ్నం దాకా కొట్టాను. గోడకి వేసిన సున్నం నల్లబడింది, భుజం పట్టేసింది. సింకు అంచు మీద కొత్త ఈగ ఒకటి వచ్చి కూర్చుని రెక్కలు సర్దుకుంది.

శనివారం పొద్దున సత్తమ్మగారు తనే మెట్లెక్కి వచ్చారు. మా ఈగలు వాళ్ళ వంటింట్లోకి దిగాయట. తలుపు తీయగానే నన్ను దాటుకుని సింకు దగ్గరికి వెళ్ళారు.

"జాలి తీసినవా?"

"తీశాను."

"ఏడ తీసినవ్? గట్లనే ఉన్నది గద!"

అప్పుడు నా నోటివెంట వచ్చిన మాటలు నేను అనాలనుకున్నవి కావు. గొంతు కూడా పెంచలేదు. "ఇంకెంత తియ్యమంటారండీ? ఉన్నదంతా తీశాను. వాటి మీద లేదు, మా ఆయన మీద లేదు. రేపు నా కూతురొస్తోంది, దాని మీద కూడా ఉందో లేదో నాకు తెలియడం లేదు. ఇంకెక్కడ ఉంటే అక్కడ చూపించండి, తీసేస్తాను."

సత్తమ్మగారు తెల్లబోయారు. తర్వాత వంగి, సింకు అడుగున నీళ్ళు పోయే చోట ఉన్న చిల్లుల బిళ్ళ మీద వేలు పెట్టి టకటక కొట్టారు.

"గిది బిడ్డా. గిది జాలి. నేను జెప్పింది దీన్ని."

మా వైపు దాన్ని చిల్లుల బిళ్ళ అంటాం. ఆవిడకి నవ్వొచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊగేలా నవ్వారు. నేను నవ్వలేదు. నన్ను చూసి ఆవిడా ఆపేశారు. కొంగుతో మొహం తుడుచుకుని "సరే, స్క్రూడ్రైవర్ ఉన్నదా?" అన్నారు.

బిళ్ళ మధ్యలో మరమేకు తుప్పు పట్టి తిరగలేదు. సత్తమ్మగారు బలంగా తిప్పితే దాని తల ఊడొచ్చింది. "నీయవ్వ," అని ఆవిడ దాన్ని తిట్టి, కత్తితో పెళ్ళగించారు. బిళ్ళ లేచింది. దాని అడుగున, పైపు లోపలి గోడ చుట్టూ నల్లటి జిగురు, మీగడ కట్టినట్టు మందంగా. అందులో మెతుకులు, నా వెంట్రుకలు, దారాల్లాంటి సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ.

"సూడు. నువ్వు గోడ మీద కొట్టేటియి ఆడికెల్లి వచ్చినయే. పుండొక కాడ, మందొక కాడ," అన్నారు. పొయ్యి మీద వార్చిన గంజిగిన్నె చూసి అడిగితే చెప్పాను. ఆవిడ నుదురు కొట్టుకున్నారు. "గంజి పోస్తున్నవా? సంపుతున్నవా, మేపుతున్నవా వాటిని?"

పాత టూత్‌బ్రష్షుకి పుల్ల కట్టి నేను పైపు లోపల గీకాను. ఆవిడ కింద కూర్చుని పైపు వంపు దగ్గరున్న డబ్బా విప్పబోయి, అందులోని మురుగంతా తన చీర మీదే పోసుకున్నారు. మా ఇద్దరికీ తెలియని తిట్లు కూడా తిట్టారు. వంటసోడా వేసి, మరిగిన నీళ్ళు పోశాం, మళ్ళీ గీకాం. కంపు భరించలేక ఆవిడ ముక్కుకి కొంగు కట్టుకున్నారు. నాకు కంపు తెలిసింది గానీ బాధనిపించలేదు. అంతా అయ్యాక ఆవిడ గుమ్మం దగ్గర ఆగి ఏదో అనబోయారు. జాలి మాటే అయ్యుంటుంది. అనకుండా దిగి వెళ్ళిపోయారు. అందుకు ఆవిడకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

ఆదివారం పదింటికి అత్తగారు శ్యామలమ్మ, పాప ఆటో దిగారు. లిఖిత వాళ్ళ నానమ్మ చీర కుచ్చిళ్ళ వెనక నుంచి నన్ను చూసింది. "అమ్మరా, వెళ్ళు," అని గౌతమ్ అంటే రెండడుగులు వేసి ఆగింది. నేను దాని తల మీద చెయ్యి వేశాను. వెయ్యాలి కాబట్టి వేశాను.

అత్తగారు కాళ్ళు కడుక్కుని నేరుగా వంటింట్లోకి వెళ్ళారు. డబ్బాల మూతలు తీశారు, గట్టు మీద వేలు రాశారు, సింకులో నీళ్ళు వదిలి ఎలా పోతున్నాయో చూశారు. గోడ మీద ఒక్క ఈగ లేదు; మిగిలినవాటిని రాత్రే కొట్టి ఊడ్చేశాను, తెల్లారాక కొత్తవి రాలేదు. సున్నం మీద మరకలు ఉతికిన గుడ్డతో తుడిచి ఉంచాను. "బాగుందమ్మా," అన్నారు. గౌతమ్ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో, చెవుల దాకా నవ్వాడు. "అయితే నేను సాయంత్రం బండికే వెళ్ళిపోతాను. పిల్ల బట్టలు ఆ సంచిలో ఉన్నాయి," అన్నారావిడ.

పని అయిపోయింది. నేను నోరు మూసుకుంటే పిల్ల నాది.

లిఖిత వచ్చి మంచినీళ్ళడిగింది. ఇచ్చాను. ఎదురింటి పిల్ల వచ్చి అడిగితే ఎలా ఇస్తానో అలాగే ఇచ్చాను. అది తాగి గ్లాసు నా చేతికిచ్చి, నన్ను కాసేపు చూసి, వాళ్ళ నానమ్మ దగ్గరికి పోయింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. రేపు ఈ గదిలో అదీ నేనూ మాత్రమే ఉంటాం. అది పడితే, ఏడిస్తే, నేను మంచం మీద నుంచి లేస్తానా? గిన్నెల్ని వదిలేసినట్టు దాన్నీ వదిలేస్తే?

"అత్తయ్యా," అన్నాను. "ఇల్లు బాగానే ఉంది. నేను బాగా లేను."

"హరితా!" అన్నాడు గౌతమ్.

"పిల్ల వస్తుందంటే నాకు సంతోషం రాలేదండీ. వచ్చాక కూడా రాలేదు. నిన్నంతా ఇల్లు కడిగాను, నా లోపల మాత్రం అలాగే ఉంది. దీన్ని మళ్ళీ తీసుకెళ్తానంటే తీసుకెళ్ళండి, నేనేమీ అనను. ఇల్లు బాగుంది కదా అని మాత్రం నా దగ్గర వదిలి వెళ్ళకండి."

గౌతమ్ తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. అత్తగారు సంచి వైపు నడిచారు. పిల్ల బట్టల సంచే. తీసుకెళ్తారనుకున్నాను. ఆవిడ దాన్ని పక్కకి జరిపి, తన చేతిసంచిలోంచి ఫోన్ తీసి ఏలూరుకి కలిపారు.

"ఏవండీ, నేను ఇవాళ రావడం లేదు. రేపూ రాను. ఎప్పుడొస్తానో అడక్కండి. పాలవాడికి చెప్పండి. పెరుగు తోడు పెట్టుకోవడం ఇప్పటికైనా నేర్చుకోండి." ఫోన్ పెట్టేసి నావైపు తిరిగారు. కోపంగానే ఉన్నారు. "ఎలా ఉన్నావంటే బాగున్నానండీ, ఎలా ఉన్నావంటే బాగున్నానండీ. చిలకలా అదే మాట. పిల్లాడు పోయిన తల్లి బాగుంటుందా? ఆ మాట నమ్మలేకే పిల్లని పంపలేదు నేను. ఇల్లు ఇంత శుభ్రంగా ఉండేసరికి ఇవాళ నమ్మేశాను కూడా. ఇల్లు చూడ్డానికి వచ్చానుటే ఇంత దూరం?"

ఇన్నాళ్ళూ ఆవిడ పిల్లని ఇవ్వడం లేదనే అనుకున్నాను. నా నోటి నుంచి ఒక్క నిజం కోసం కాచుకుని ఉన్నారని తట్టలేదు.

మధ్యాహ్నం ఆవిడ స్నానానికి వెళ్ళారు. నిద్ర ముంచుకొచ్చి, నానమ్మ కనపడక, లిఖిత గది అంతా తిరిగి చివరికి నా దగ్గరికొచ్చింది. వేరే దారి లేక వచ్చింది, అది నాకూ తెలుసు. గోడకి ఆనుకుని కూర్చున్న నా తొడ మీద తల పెట్టి పడుకుంది. కాసేపటికి కాలు తిమ్మిరెక్కింది. చీమలు పాకినట్టు మొదలై పిక్క దాకా పొడుస్తోంది. కదిపితే పిల్ల లేస్తుంది. బాగా నొప్పిగా ఉంది. నేను కాలు కదపలేదు.