ఎనిమిది దరువులకో కాండ్రింపు

మా వదిన గిటారు వాయిస్తూ పాడుతుంది. పక్కన డ్రమ్స్ నేను. ఆదివారం మధ్యాహ్నాలు ఒక హోటల్లో, భోజనానికి వచ్చినవాళ్ళ కోసం ఇద్దరం వాయించేవాళ్ళం. కొత్తగా వచ్చిన మేనేజరు కళ్ళు నా డ్రమ్స్ మీద పడ్డాయి. అవి తీసేస్తే అక్కడ ఇంకో రెండు బల్లలు పడతాయి.

"మేడం, లూపర్ అని ఒక పెట్టె ఉంటుందట," అన్నాడు వదినతో. "మీరు ఒక్కసారి వాయిస్తే పట్టుకుని దాన్నే తిప్పి తిప్పి వినిపిస్తుందట. దాని మీద మీరు పాడుకోవచ్చు. ఒక్కరే బ్యాండంతా అయిపోతారు."

"మరి మా మరిది?"

"ఆయన హాయిగా కూర్చుని వినొచ్చు."

వదినకి ఇష్టం లేదు. నేనే నచ్చజెప్పాను. ఉన్న ఒక్క కచేరీ నా మూలంగా పోవడమెందుకని.

పెట్టె వచ్చింది. కాలితో నొక్కే మూడు మీటలు, నేలమీద పెడితే కనపడని అంకెలు. మొదటి నొక్కుడుకి పట్టుకోవడం మొదలుపెడుతుంది, రెండో నొక్కుడుకి పట్టుకున్నదాన్ని చుట్టుగా మూసి తిప్పుతుంది. ఆ రెండో నొక్కుడు రవ్వంత ఆలస్యమైతే దరువు కుంటుతుంది, పాట అయ్యేదాకా చుట్టు చుట్టుకీ కుంటుతూనే ఉంటుంది. పల్లవి దాటి చరణంలోకి వెళ్దామంటే అది రాదు, గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది.

"ఒరేయ్, ఊపిరి తీసుకుందామని ఒక్క క్షణం ఆగితే ఇది ఆగట్లేదురా," అంది వదిన, చెమట తుడుచుకుంటూ.

నేనైతే ఆగేవాణ్ణి. ఆ మాట అంటే కుళ్ళు అనుకుంటుందేమోనని మింగేశాను.

ఆదివారం వంటగది తలుపు పక్కన ఒక చిన్న బల్ల దగ్గర కూర్చున్నాను. వేదికకి ఆనుకుని, మైకుకి మూరెడు దూరంలో కొత్త బల్ల. అక్కడ ఒక భారీ మనిషి, పెళ్ళాం, పిల్లలు. వదిన మీట నొక్కి, మైకు ముందు గిటారు చెక్క మీద అరచేత్తో దరువు వేయడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఆ పెద్దమనిషి అడుగునెక్కడినుంచో కఫం లాగి, గట్టిగా కాండ్రించి, కాగితం రుమాల్లోకి ఉమ్మి, దాన్ని బుద్ధిగా నాలుగు మడతలు పెట్టి కంచం పక్కన ఉంచాడు. 

పళ్ళేల చప్పుడులో వదిన అది వినలేదు. దరువు మీద తీగలు వేసింది, ఆ పైన మంద్ర స్థాయిలో ఇంకో వరస, దానిమీద కూనిరాగం. జనం మంచం బిగిస్తున్న వడ్రంగిని చూసినట్టు చూస్తున్నారు. "పాట ఎప్పుడమ్మా?" అని ఎవరి పిల్లో అడిగింది.

చివరికి వదిన పల్లవి ఎత్తుకుంది. మంచి పాట, మంచి గొంతు, హాలు సద్దుమణిగింది. అప్పటిదాకా చప్పుళ్ళలో మునిగిపోయిన కాండ్రింపు అప్పుడు స్పీకర్లలోంచి వినపడింది. ఎనిమిది దరువులు గడిచాయి. మళ్ళీ వచ్చింది.

వదిన చెరిపేసే మీట నొక్కింది. కూనిరాగం పోయింది. ఆ యంత్రం ఆఖరున పెట్టిందే తీస్తుంది, అడుగున ఉన్నదాని జోలికి పోదు. మళ్ళీ నొక్కితే మంద్ర స్థాయి పోయింది, ఇంకోసారికి తీగలూ పోయాయి. ఇక దరువూ కాండ్రింపూ మాత్రమే మిగిలాయి, ఇదివరకటికన్నా స్పష్టంగా. కంగారులో కాలు పక్క మీట మీద పడింది. ఆపాల్సింది పోయి పెట్టె మళ్ళీ పట్టుకోవడం మొదలుపెట్టింది. హాలంతా నవ్విన నవ్వు కూడా అందులో చేరింది. ఇప్పుడు కాండ్రింపు, వెనకాలే నవ్వు, మళ్ళీ కాండ్రింపు.

"అరే, అది నాదే," అన్నాడు పెద్దమనిషి, పొట్ట నిమురుకుంటూ. సందు చూసి ఇంకోటి స్వయంగా వేశాడు. పెళ్ళాం పిల్లలు తాళానికి చప్పట్లు కొట్టారు.

వదిన మొహం పాలల్లో బల్లిని చూసినట్టు అయిపోయింది. వంగి కరెంటు వైరు పీకేసింది. తర్వాత ఉత్త గిటారుతో ఆ పాట మొదటినుంచి చివరిదాకా పాడింది. ఎవరూ వినలేదు. "ఆ సౌండు పెట్టమ్మా," అని రెండు మూడు బల్లల నుంచి అడిగారు.

అంట్లు కడిగే గది ముందు మేనేజరు ఎదురొచ్చాడు. "అదిరింది మేడం. వచ్చే వారం కూడా ఉంటుందా అని అడుగుతున్నారు."

"ఏది?"

"అదే, ఆ గొంతు."

వదిన గిటారు భుజానికి తగిలించుకుంది. "మీ దగ్గర అలాంటి గొంతులకి కొదవలేదు కదా బాబూ. వాటితోనే కానివ్వండి. నేను రాను."

బస్సులో పెట్టెని ఒళ్ళో పెట్టుకోలేదు, కాళ్ళ దగ్గర పడేసింది. "నువ్వు వాయించినప్పుడు కూడా ఎవరో ఒకరు దగ్గేవాళ్ళు కదరా?" అంది.

"దగ్గేవాళ్ళు. దగ్గి ఊరుకునేవాళ్ళు."

వదిన ఇంటికెళ్ళి చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. అన్నయ్య వడ్డిస్తే రెండు ముద్దలు కెలికి లేచిపోయింది. "పెట్టెదేం తప్పు, ఉమ్మింది ఆయన కదా," అన్నాడు అన్నయ్య.

"ఉమ్మినవాడు మడిచి పక్కన పెట్టాడు. ఇది తీసి అందరికీ వడ్డించింది," అంది.

చాలా రోజులు మేం ఎక్కడా వాయించలేదు. ఇప్పుడు ఒక పుస్తకాల షాపు వెనక గదిలో, శనివారాలు, కుర్చీలు దూరంగా వేయించుకుని ఇద్దరం కూర్చుంటున్నాం. వినేవాళ్ళు కొద్దిమందే. వాళ్ళలో ఎవరైనా గొంతు సవరించుకుంటే చాలు, వదిన చరణం మధ్యలో ఆగిపోతుంది. మొహంలో అదే రోత. నేను చిన్నగా దరువు సాగదీస్తూ ఉంటాను, ఆవిడకి మళ్ళీ మనసొప్పేదాకా.