అత్తగారి గురి

వాడపల్లి తీర్థంలో బెలూన్ల దుకాణం ముందు కాంతంగారు ఎంతసేపు నిలబడిపోయారంటే, వెనకాల వరసలో ఉన్నవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. ఆవిడ తుపాకీ భుజానికి ఆనించుకోవడం, ఒక కన్ను మూసుకోవడం, పేల్చడం. చెక్కకి కట్టిన బెలూన్లలో ఒక్కటంటే ఒక్కటి పగలలేదు.

"ఇంక చాలండి అమ్మగారూ! మీరు పేలుస్తుంటే నా బెలూన్లకి దిష్టి కూడా తగలట్లేదండి" అన్నాడు దుకాణంవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లుమన్నారు.

ప్రసాదం సంచీ పట్టుకుని పక్కన నిలబడ్డ కోడలు హేమకి ఆ నవ్వు నచ్చలేదు. సంచీ అత్తగారి చేతిలో పెట్టి తుపాకీ తీసుకుంది. మొదటి గుండు కావాలనే చెక్క అంచుకి కొట్టి, అది ఎటు పోయిందో చూసుకుంది. తుపాకీ కుడివైపుకి లాగుతోంది. ఆ మేరకి ఎడమకి జరిగి మళ్ళీ పేల్చింది. బెలూన్ ఢామ్మంది. ఆ పక్కది, దాని కింది వరస, పై వరస. దుకాణంవాడి నవ్వు మాయమైంది. నవ్వినవాళ్ళు చప్పట్లు కొట్టారు. బహుమతిగా ఇచ్చిన ప్లాస్టిక్ సబ్బుపెట్టె తీసుకుని హేమ తలొంచుకుని బయటపడింది.

కాంతంగారు కోడలితో ఆత్రేయపురంలోని తన పుట్టింటికి తిరిగొచ్చారు. ఆటో దిగాక అడిగారు. "ఎక్కడ నేర్చుకున్నావే?"

"కాలేజీలో ఎన్‌సీసీ చేసేనండి. అక్కడ మొదలెట్టి, తర్వాత పిస్టల్ పట్టేను. యూనివర్సిటీ తరఫున పోటీలకి కూడా వెళ్ళేనండి."

"పెళ్ళిచూపుల్లో వంటొచ్చా, పాటొచ్చా అని అడిగేం గానీ, ఇది అడగలేదు కదా!"

"అడిగితే చెప్పేదాన్నండి."

"ఆ పిస్టల్ ఏదీ?"

హేమకి పెళ్ళై ఏడాది దాటింది. భర్త కిషోర్ మస్కట్‌లో ఉద్యోగం. విశాఖలో నాన్న కొనిపెట్టిన ఎయిర్ పిస్టల్‌ని పాత చీరలో చుట్టి, అమలాపురంలో అత్తవారింటి అటక మీద, తన ట్రంకుపెట్టె అడుగున దాచింది. ఎవరూ వద్దనలేదు. ఎవరైనా వద్దంటారేమోనని తనే దాచుకుంది.

"అటక మీదుందండి" అంది.

"అయితే ఇంటికెళ్ళగానే దింపు. నాకూ నేర్పాలి" అన్నారు కాంతంగారు. ఆవిడకి యాభై నాలుగేళ్ళు. ఆ మాట ఇంకో కూర వండమన్నంత మామూలుగా అన్నారు.

*

మామగారు బంగారరాజుగారిది కొబ్బరికాయల వ్యాపారం. ఇంటి వెనకాల పాత గోడౌన్ ఒకటి ఖాళీగా పడుంది. పొడవు సరిపోయింది. ఒక చివర తాడు కట్టి నిలబడే గీత పెట్టుకున్నారు. రెండో చివర గోడకి అట్ట తగిలించారు. అట్ట మీద వలయాలు, నడిమధ్య నల్లచుక్క.

బంగారరాజుగారు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి చూశారు. "ఏంటే కాంతం ఇది? కాయలకొచ్చిన లారీవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"బాకీలు తొందరగా కట్టేయాలనుకుంటారు. మీకే మంచిది."

ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయారు. మర్నాడు మాత్రం వడ్రంగిని వెంటబెట్టుకొచ్చి, అట్ట వెనకాల పెట్టడానికి ఒక చెక్కపెట్టె చేయించారు. దాని వెనకగోడకి ఇనపరేకు కొట్టించి, లోపల కొబ్బరిపొట్టు దట్టంగా కూరించారు. "గుళ్ళు గోడకి తగిలి వెనక్కి ఎగిరితే ప్రమాదం" అన్నారు, ఎవరూ అడగకుండానే.

హేమ పిస్టల్ చేతికివ్వకముందే చెప్పవలసినవి చెప్పింది. "అత్తయ్యగారూ, ఇది ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నట్టే అనుకోవాలండి. దీని మూతి ఎప్పుడూ అట్టవైపే ఉండాలి. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి వెళ్ళకూడదు. ఎవరైనా పిలిస్తే తిరిగి చూడొద్దు. ముందు బల్ల మీద పెట్టి, అప్పుడు తిరగండి."

"ఆయ్. కత్తిపీట దగ్గర పిల్లలున్నప్పుడు ఎలా ఉంటామో అలాగన్నమాట."

"అంతేనండి."

పక్కకి తిరిగి నిలబడడం, కుడిచెయ్యి బారచాపడం, ఎడమచేతిని బొడ్డుదగ్గర చీరకుచ్చిళ్ళలో దోపుకోవడం ఆవిడకి తొందరగానే పట్టుబడింది. చెయ్యి వణకలేదు. ఆశ్చర్యపోయిన హేమతో ఆవిడ నవ్వుతూ చెప్పారు. "పెళ్ళయ్యేదాకా పూతరేకులు తీసిన చెయ్యి కదే ఇది. కుండ మీంచి రేకు లేపేటప్పుడు చెయ్యి అదిరిందా, చిరిగి ఊరుకుంటుంది."

చెయ్యి బాగానే ఉంది. గుండు మాత్రం ఎటు పడితే అటు పోతోంది. ఒకటి పైకి, ఒకటి కిందకి, ఒకటి అసలు అట్టకే తగలకుండా. వారం గడిచినా అదే వరస.

"నల్లచుక్కని చూడకండి అత్తయ్యగారూ. గొట్టం కొసన నిలబడిన ఇనప పలక ఉంది చూడండి, దాన్ని చూడండి. అది వెనక గాడికి సరిగ్గా మధ్యలో ఉండాలి. రెండువైపులా వెలుతురు సమానంగా కనిపించాలి. చుక్క మసగ్గా ఉన్నా ఫరవాలేదు."

"చూస్తున్నానే."

మళ్ళీ గుండు పక్కకి పోయింది. హేమ నాలుగైదుసార్లు అదే చెప్పింది. చివరికి విసుగొచ్చింది. "నేను చెప్పేది మీరు వినట్లేదండి. మీ కళ్ళు చుక్క మీదకే పోతున్నాయి" అంది. గొంతు కాస్త పెరిగింది కూడా.

కాంతంగారు పిస్టల్ బల్ల మీద పెట్టారు. "నీకు వంట పని ఉంది కదా, వెళ్ళు" అని, తనే ముందు బయటికి నడిచారు.

తర్వాత రెండుమూడు రోజులు ఆవిడ గోడౌన్ ఊసెత్తలేదు. హేమకి అన్నం సహించలేదు. తను నేర్చుకునేటప్పుడు కోచ్ ఒక్కసారి కూడా గొంతు పెంచలేదని గుర్తొచ్చి మరీ బాధపడింది.

ఆదివారం పొద్దున అత్తగారు అరుగు మీద బియ్యం చేటతో కూర్చున్నారు. చేటని ఒళ్ళోంచి ముందుకి జరిపి, చెయ్యి చాచి, తల వెనక్కి పెట్టి రాళ్ళు ఏరుతున్నారు. రెండు రాళ్ళు బియ్యంలోనే ఉండిపోయాయి. హేమ అది చూసి అక్కడే ఆగిపోయింది.

"అత్తయ్యగారూ, మీకు చత్వారం కదండీ?"

"ఎప్పట్నుంచో. భాగవతం చదివేటప్పుడు పెట్టుకుంటాను కదా కళ్ళజోడు."

"అయితే పిస్టల్ కొసన ఉన్న పలక మీకు ఎలా కనిపిస్తోంది?"

కాంతంగారు తల దించుకున్నారు. "రెండుగా కనిపిస్తోంది. ఒక్కోసారి మూడు. నువ్వు దాన్నే చూడమంటావు. అక్కడేముందని చూడను? చుక్క మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తోంది. అందుకని దాన్నే చూశాను."

"ముందే చెప్పొచ్చు కదండీ!"

"ముసలిదాన్నని పక్కన కూర్చోబెడతావేమోనని చెప్పలేదు."

హేమకి నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. చేట తీసి పక్కన పెట్టి, అత్తగారి చెయ్యి పట్టుకుంది. "తప్పు నాదండి. వినట్లేదన్నాను. అసలు మీకేం కనిపిస్తోందో అడగలేదు."

"సర్లే. ఇప్పుడేం చేద్దాం?"

భాగవతం కళ్ళజోడు పెట్టి చూశారు. పుస్తకం దూరానికి చేసిన అద్దాలు కావడంతో చాచిన చేతి కొస వాటికి అందలేదు. ఆ సాయంత్రమే ఇద్దరూ గడియారస్తంభం దగ్గర కళ్ళద్దాల షాపుకి వెళ్ళారు. అద్దాలాయన జగ్గారావుగారు దూరపు అక్షరాలు చదివించి, దగ్గర అక్షరాలు చదివించి, చీటీ రాయబోయారు.

"అవి కాదండి" అన్నారు కాంతంగారు. కుడిచెయ్యి బారచాపి బొటనవేలు నిలబెట్టారు. "ఇదిగో, ఇక్కడున్నది తేటగా కనిపించాలి. దీనికి ముందున్నదీ వెనకున్నదీ నాకక్కర్లేదు."

"ఏం పనికండీ?"

"పిస్టల్ పేల్చడానికండి."

జగ్గారావుగారు ఒక్క క్షణం హేమవైపు చూశారు. ఆమె తలూపింది. ఆయన మరేమీ అడగకుండా, బొటనవేలికీ కంటికీ మధ్య టేపు పెట్టి కొలిచి, ఒకదాని తర్వాత ఒకటి అద్దాలు మార్చి చూపించారు. ఒక అద్దం పెట్టగానే కాంతంగారు "ఆఁ! ఇదీ!" అన్నారు. గోరు మీద గీతలు కూడా కనిపిస్తున్నాయట.

*

కొత్త కళ్ళజోడు వచ్చాక అట్ట మీద కన్నాలు ఒకచోటికి చేరాయి. అయితే ఆ చోటు నల్లచుక్క కాదు. దానికి దిగువన, ఎడమ పక్కన. కాంతంగారికి మాత్రం అదే పండగ. "చూడు, అన్నీ ఒక గూటికి చేరేయి!"

"చేరేయండి. ఇప్పుడు ఆ గూడు కాస్త పైకి జరగాలి."

కారణం హేమకి తెలుసు. చెబితే అర్థమవుతుందిగానీ కనిపించదు. అందుకని పిస్టల్ తనే నింపి ఇస్తానంది. రెండుసార్లు గుండు పెట్టి ఇచ్చింది. మూడోసారి గుండు పెట్టకుండా ఇచ్చింది. కాంతంగారు గురి చూసి ట్రిగ్గర్ నొక్కారు. ఉత్త గాలి చప్పుడు వచ్చింది. అట్టకేమీ తగల్లేదు. పిస్టల్ మూతి మాత్రం ఎవరో పట్టుకు లాగినట్టు ఎడమకి, కిందకి వంగింది.

ఆవిడ అది స్పష్టంగా చూశారు. పిస్టల్ బల్ల మీద పెట్టి, తిరిగి కోడలివైపు చూశారు.

"గుండు పెట్టలేదా?"

"లేదండి."

"అత్తగారికి ఖాళీ పిస్టల్ ఇచ్చి పరీక్ష పెడతావా?" అంటూ నవ్వేశారు. "నేనే లాగేస్తున్నానన్నమాట! పేలుతుందని ముందే తెలిసి చెయ్యి బిగుసుకుపోతోంది."

"అదేనండి. పేలాలని తొందర వద్దు. వేలు ఒక్కటే కదలాలి, తిన్నగా వెనక్కి. మిగతా చెయ్యికి ఆ సంగతి తెలియకూడదు. ఎప్పుడు పేలిందో మీకే ఆశ్చర్యంగా ఉండాలి. ఊపిరి సగం వదిలి ఆపండి. పేలేలోపు ఊపిరి అందకపోతే చెయ్యి దించేసి మళ్ళీ మొదలెట్టండి. ఎవరూ తరమట్లేదు."

ఆ మాటలు ఆవిడకి నచ్చాయి. ఆ పైన రోజూ పొద్దున్న వంటింట్లో పొయ్యి వెలిగించకముందే, గుళ్ళు లేని పిస్టల్‌తో గోడౌన్‌లో కాసేపు గోడకేసి గురి చూస్తూ నిలబడేవారు. గొట్టం మీద రూపాయి బిళ్ళ నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కడం నేర్చుకున్నారు. బిళ్ళ టంగుమని పడిన చప్పుడుకి బంగారరాజుగారు అరుగు మీంచి "మళ్ళీ!" అని కేకేసేవారు.

మస్కట్ నుంచి ఫోన్ చేసిన కిషోర్‌కి హేమ విషయం చెప్పింది. "అమ్మకి పిస్టలా? ఇప్పటిదాకా మాటలతోనే కొట్టేది కదా!" అంటూ నవ్వాడు. ఆ నవ్వు పక్కనున్న కాంతంగారికీ వినిపించింది.

*

డిసెంబర్‌లో కాకినాడలో ఒక స్కూలు హాల్లో జిల్లా పోటీలు పెట్టారు. హేమ తన పేరు ఇచ్చుకుంది. అత్తగారి పేరు అడగకుండానే ఇచ్చేసింది.

హాల్లో అంతా కాలేజీ పిల్లలే. పట్టుచీరలో, కొత్త కళ్ళజోడుతో కాంతంగారు గీత దగ్గరికి నడిచేసరికి వరసలో పిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. మొదటి నాలుగు గుళ్ళూ దారుణంగా పోయాయి. వెనక కూర్చున్న హేమ కుర్చీ అంచుకి జరిగింది. మాట్లాడడానికి వీల్లేదు.

కాంతంగారు ఇంకో గుండు పేల్చలేదు. పిస్టల్ బల్ల మీద పెట్టారు. కుర్చీలో కూర్చున్నారు. సీసా మూత తీసి నీళ్ళు తాగారు. అరచేతులు పమిటకి తుడుచుకున్నారు. పక్కవాళ్ళు టకటకా పేల్చుకుపోతుంటే ఆవిడ కళ్ళు మూసుకుని, అన్నం ఉడికేదాకా ఆగినట్టు, నిమ్మళంగా ఆగారు. తర్వాత లేచి నిలబడ్డారు. అక్కణ్ణుంచి ఒక్క గుండూ నల్లచుక్క దాటి బయటికి పోలేదు. రెండుసార్లు పేల్చకుండానే చెయ్యి దించి, మళ్ళీ ఎత్తారు. అది చూసి హేమ తన పోటీ ఇంకా మిగిలుందన్న సంగతే మరిచిపోయింది.

పెద్దవయసు ఆడవాళ్ళ విభాగంలో మొదటి బహుమతి అని పతకం మెళ్ళో వేయబోతే ఆవిడ ఆపారు. "ఆగండి. ఈ విభాగంలో ఆడవాళ్ళు ఎంతమంది వచ్చేరు?"

"మీరొక్కరేనండి."

"ఒక్కత్తినే పరిగెత్తి మొదట వస్తే ఏం గొప్పండీ? ఈ పిల్లలందరితో కలిపితే నేనెక్కడున్నాను?"

నిర్వాహకుడు కాగితాలు తిరగేసి చూశాడు. ఆడపిల్లల వరసలో సగానికి కాస్త కింద. ఆవిడ వెనక ఇంకా ఏడెనిమిది మంది ఉన్నారు.

"అదీ! ఇప్పుడెయ్యండి" అని కాంతంగారు మెడ వంచారు.

హేమ రెండో స్థానంలో వచ్చింది. ఏడాదికి పైగా సాధన మానేసిన మనిషికి అది తక్కువేమీ కాదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, యానాం దాటుతుండగా, అత్తగారు ఏమంటారోనని ఎదురుచూసింది.

"బాగానే కొట్టేవు" అన్నారు కాంతంగారు. "చివరి గుళ్ళకొచ్చేసరికి తొందరపడ్డావు. ఊపిరి అందకపోయినా చెయ్యి దించలేదు. నాకు చెప్పేవు కదా, ఎవరూ తరమట్లేదని?"

అది నిజమే. "ఆయ్, తొందరపడ్డానండి" అంది హేమ.

"రేపట్నుంచి పొద్దున్నే నాతోపాటు నువ్వూ రా. వంట కాస్త ఆలస్యమైనా మీ మావయ్యగారు ఏమీ అనరు" అన్నారు కాంతంగారు. పతకాన్ని కొత్త కళ్ళజోడుతో ఒకసారి పరిశీలనగా చూసుకుని, చేతిసంచిలో అరటిపళ్ళ మీద పెట్టి, ఒక పండు తీసి కోడలికిచ్చారు.