జానెడు ఇంజనుకు చిటికెడు బొగ్గు

నేను ఒక జానెడు రైలింజన్ని. నల్లటి ఒళ్ళు, ఎర్రటి చక్రాలు, నెత్తిన పొగగొట్టం, వెనకాల అగ్గిపెట్టెకంటే కాస్త పెద్దదైన బొగ్గు పెట్టె. చూడటానికి ఆవిరి ఇంజన్నే. కానీ నాలో ఆవిరీ లేదు, నిప్పూ లేదు. పట్టాల్లోంచి చక్రాల మీదుగా కరెంటు ఎక్కుతుంది, కడుపులో ఉన్న చిన్న మోటారు తిరుగుతుంది, నేను పరుగెత్తుతాను. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. నా కథలో గొడవంతా ఇక్కడే వచ్చింది.

సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో, పొడవాటి బల్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు నన్ను చేశారు. ఒకామె చక్రాలు తొడిగింది, ఒకామె మోటారు బిగించింది, చివరి ఆమె సన్నటి కుంచెతో నంబరు రాసింది. తర్వాత అట్టపెట్టెలో చీకటి, ఓడ కుదుపులు. కళ్ళు తెరిచేసరికి కావలి దగ్గర ఒక రైల్వే కాలనీలో, డెస్మండ్ అనే ఆంగ్లో ఇండియన్ డ్రైవరుగారి అరచేతిలో ఉన్నాను.

ఆయన పొద్దంతా పెద్ద ఇంజను నడిపి, ఇంటికొచ్చి స్నానం చేసి, మళ్ళీ నన్ను నడుపుతూ కూర్చునేవాడు. చేసిన పనే మళ్ళీ చేస్తూ మనుషులు దాన్ని విశ్రాంతి అంటారని అప్పుడే తెలిసింది. సంతకం పెట్టాల్సిన రిజిస్టరు లేకపోతే చాలు కాబోలు.

ఆయన ఉద్యోగం ముగించి బెంగుళూరు చెల్లెలి దగ్గరికి వెళ్తూ నన్ను తన ఫైర్‌మన్ పెంచలయ్య చేతిలో పెట్టాడు. పెద్ద ఇంజనులో నిప్పుకు బొగ్గు వేసే మనిషి ఆయన. తర్వాత డ్రైవరయ్యాడు, రిటైరయ్యాడు. అన్నాళ్ళూ ఆదివారం వస్తే మంచం కింద పట్టాలు పరిచి నన్ను తిప్పేవాడు. ఒక ఆదివారం నేను కీచుమన్నాను, మరో ఆదివారం ఎక్కిళ్ళు పెట్టాను, ఆ తర్వాత ఆగిపోయాను. ఆయన భార్య రవణమ్మ నన్ను తుడిచి టీవీ మీద పెట్టింది. తొమ్మిదేళ్ళు అక్కడే ఉన్నాను.

ఈ ఏడు కాలనీ క్లబ్బుకు యాభై ఏళ్ళు నిండాయి. క్లబ్బు సెక్రటరీ రాజారత్నం రిటైరైన రైలు గార్డు. ఆయన టేపు పట్టుకుని వచ్చి నన్ను పొడవు, వెడల్పు కొలిచాడు.

"ఆదివారం ఫంక్షను. నీ ఇంజన్ని చెక్కకి స్క్రూలేసి, అద్దాల పెట్టెలో పెడతాం పెంచలయ్యా. గౌరవంగా ఉంటాది."

"పానం ఉండేదాన్ని పెట్టెలో పెడతావా?"

"పానమా! తొమ్మిదేళ్ళుగా టీవీ మీద నిద్రపోతుండాది."

"ఆదివారానికి తిరిగితే?"

"తిరిగితే క్లబ్బులో బల్లేసి, పట్టాలేసి, వారంవారం తిప్పుకో. నేనే పచ్చజెండా ఊపతా. తిరక్కపోతే మాత్రం స్క్రూలే."

నా వంటికి రంధ్రాలు వేసే మాట నా ఎదుటే మాట్లాడారు. ఆ రోజు నుంచి నాకు ఒకటే ధ్యాస, ఆదివారానికి తిరగాలి.

కానీ నా విడిభాగాలు ఎక్కడ? నన్ను చేసిన ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. మద్రాసులో పాత బొమ్మ రైళ్ళు దాచుకునే ఒకాయన ఫోనులో చెప్పాడు, భాగాలు విడిగా దొరకవు, ఇలాంటిదే ఇంకో పాత ఇంజను కొని విప్పుకోవాలని. నన్ను బతికించడానికి ఇంకో నన్ను చంపాలన్నమాట. పెంచలయ్య ఫోను పెట్టేసి, నన్ను తువ్వాలులో చుట్టి, కావలి బస్టాండు దగ్గరున్న మిక్సీ రిపేరు కొట్టుకు తీసుకుపోయాడు.

కొట్టు నడిపేది మస్తానమ్మ. మిక్సీలు, ఫ్యాన్లు, నీళ్ళ మోటార్లు ఆమె ముందు నోరు తెరుచుకుని పడుంటాయి. ఆమె నన్ను వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు స్క్రూలు విప్పింది. భూతద్దం పెట్టి గేరు పళ్ళు లెక్కబెట్టింది.

"పద్నాలుగు పళ్ళలో ఒకటి ఊడింది మామా. నీకంటే నయమే."

పెంచలయ్య చప్పున బోసినోరు మూసుకున్నాడు.

పాత టేప్ రికార్డర్ల గుట్టలోంచి గేర్లు ఏరి, ఒక్కొక్కటీ నా పక్కన పెట్టి చూసింది. పదమూడోది సరిపోయింది. ఎన్ని పాటలు తిప్పిన గేరో, ఇప్పుడు నా పన్నయింది.

"గేరు సరే. బొగ్గులు మాత్రం పూర్తిగా అరిగిపోయినాయి. నీ సైజువి నా దగ్గర లేవు. యాడన్నా దొరికితే పట్టకరా, పెడతా."

పెంచలయ్య ముఖం వెలిగిపోయింది. "బొగ్గా! నాకా చెప్తుండావు మే బొగ్గు సంగతి!"

మస్తానమ్మ కొట్టులో బొగ్గు అంటే, తిరిగే మోటారుకు రెండువైపులా ఆనుకుని కరెంటు అందించే చిన్న కార్బను ముక్క. పెంచలయ్య సర్వీసులో బొగ్గంటే బొగ్గే. ఇద్దరూ ఎవరి బొగ్గు గురించి వాళ్ళు మాట్లాడుకుని, తృప్తిగా విడిపోయారు. మధ్యలో నేను మాట్లాడలేని దాన్ని.

ఇంటికి రాగానే ఆయన బీరువాలోంచి బిస్కెట్ల డబ్బా తీశాడు. ఆవిరి బండి ఆఖరిసారి దిగిన రోజు జేబులో వేసుకొచ్చిన బొగ్గు బెడ్డ అందులో ఉంది. ఇన్నేళ్ళూ ఎవరినీ తాకనివ్వని ఆ బెడ్డను రోట్లో వేసి నువ్వు గింజలంత చేశాడు.

"నా రోట్లో బొగ్గు నూరతావా? రేపు పచ్చడి ఎవురు తింటారు?" అంది రవణమ్మ.

"ఉండవే. ఇంజనుకు ఆకలిగా ఉండాది."

బొగ్గు పెట్టె నింపాడు. అది చాలదని పొగగొట్టంలోంచి నా కడుపులోకి కూడా రెండు చెంచాలు పోశాడు. అలవాటైన చెయ్యి, ఒక్క గింజ కింద పడలేదు. పట్టాల మీద పెట్టి, డెస్మండ్‌గారి పాత ట్రాన్స్‌ఫార్మరు పిడి పూర్తిగా తిప్పాడు. నాలో చిటపటలు లేచాయి. పొగగొట్టంలోంచి నా జన్మలో మొదటిసారి పొగ వచ్చింది.

"రవణా! ఆవిరి పట్టిందే!"

"ఆవిరి కాదు, వైరు కాలిన వాసన!"

ట్రాన్స్‌ఫార్మరు టప్పుమంది. ఆయన నేలమీద అలాగే కూర్చుండిపోయాడు. ఆయన వేళ్ళకంటిన నలుపును చూస్తే నాకు కోపం రాలేదు. ఉన్నదాంట్లో అన్నిటికన్నా విలువైనది తెచ్చి నాకే తినిపించాడు.

శనివారం ఉదయం మస్తానమ్మ నన్ను విప్పి, బల్ల మీద బోర్లించింది. గింజలు జలజల రాలాయి. ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ తర్వాత నవ్వు ఆగడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

"అయ్యో మామా, బొగ్గంటే నిజం బొగ్గనుకున్నావా?" మిక్సీలోంచి వేలి గోరంత నల్లటి ముక్క తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "ఇదీ నేను చెప్పిన బొగ్గు."

ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "దీంతో టీ నీళ్ళు గూడా కాగవు గదా."

"ఎట్టా మరి, రేపే గదా ఫంక్షను?"

"రేపే. తిరక్కపోతే స్క్రూలు."

ఆమె నవ్వు ఆపింది. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. పెట్రోలులో ముంచిన కుంచెతో నా కడుపులో మూలమూలలా తుడిచింది. కాలిన వైరు తీసి కొత్తది అతికింది. మిక్సీ బొగ్గును గరుకు కాగితం మీద రుద్దుతూ, నాలో పెట్టి చూస్తూ, మళ్ళీ రుద్దుతూ బియ్యపు గింజంత చేసింది. మొదటిది విరిగింది. రెండోది కూడా విరిగింది. అప్పటికి పెంచలయ్య తన సైకిలు వాల్వ్ ట్యూబును బ్లేడుతో సన్నటి ఉంగరాలుగా కోసి, నా చక్రాలకు తొడుగుతున్నాడు, పట్టాల మీద జారకుండా. సాయంత్రానికి నా మోటారు గుయ్యిమంది. ట్రాన్స్‌ఫార్మరు బదులు ఆమె ఒక పాత అడాప్టరు ఇచ్చింది. పెడితే నడుస్తుంది, తీస్తే ఆగుతుంది, అంతే.

ఆదివారం క్లబ్బులో పెద్ద బల్ల, దాని మీద గుండ్రంగా పట్టాలు. పక్కనే నా కొలతలకు చేయించిన అద్దాల పెట్టె, నాలుగు స్క్రూలతో సహా సిద్ధంగా ఉంది. రిటైరైన డ్రైవర్లు, ఫైర్‌మన్లు కుర్చీలు జరుపుకుని కూర్చున్నారు. పెంచలయ్య నన్ను పట్టాల మీద పెట్టాడు. పట్టాలకు రెండు వైర్లు తగిలించి, అడాప్టరు పెట్టాడు.

నేను కదిలాను. వెనక్కి.

వైర్లు ఇటుది అటు పడ్డాయి. రాజారత్నం పచ్చజెండా సగంలో ఆపేశాడు.

"ఇదేంది పెంచలయ్యా, ఎనక్కి పోతుండాది?"

పెంచలయ్య వైర్ల వంక ఒకసారి చూశాడు. అంతే. వెంటనే నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"గార్డువి గదా, నీకెట్టా తెలస్తాది! బోగీల్లేకండా ఒంటి ఇంజను, డ్యూటీ దిగి షెడ్డుకి పోయేటప్పుడు ఎట్టబోద్ది? ఎనక్కే గదా! తిరగాలన్నావు, ముందుకా ఎనక్కా అని చెప్పినావా?"

డ్రైవర్లందరూ బల్ల చరిచారు. "నిజమే గదా!" "చెప్పలేదు, చెప్పలేదు!" ఒకాయన నోటితోనే కూత వేశాడు. రాజారత్నం నవ్వాపుకోలేక జెండా పూర్తిగా ఊపాడు.

ముందుకు పోయినన్నాళ్ళూ నాకు ఎదురుగా పట్టాలే కనిపించేవి. వెనక్కి పోతుంటే, నేను వదిలి వెళ్తున్నవాళ్ళ ముఖాలు కనిపించాయి. కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్న రవణమ్మ, చేతులకింకా నలుపున్న మస్తానమ్మ, గర్వంగా నిలబడ్డ పెంచలయ్య. కాస్త దూరమయ్యారు, మలుపులో మాయమయ్యారు. పట్టాలు గుండ్రం కదా, మళ్ళీ నా పక్కకే వచ్చారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం క్లబ్బులో తిరుగుతున్నాను. మస్తానమ్మ వచ్చినప్పుడల్లా అడుగుతుంది, "రెండు వైర్లు మారిస్తే ముందుకు పోద్ది మామా, మార్చేదా?"

"తొందరేముందే? ఇంకా షెడ్డు రాలేదు గదా" అంటాడు పెంచలయ్య.