లోపలి గడియ

వదిన చేతులకు ఇంకా సబ్బు నురగ ఉండగానే పోలీసులు ఆమెను నడవాలోకి ఈడ్చుకొచ్చారు. రబ్బరు గ్లవుజులు కూడా విప్పనివ్వలేదు.

"అయ్యా, నేను బాత్రూములు కడిగేదాన్నండీ! ఈ ఇల్లు నాదెట్లా అవుతుంది?"

ఇన్‌స్పెక్టరు తలుపు పక్కనున్న నంబరు ప్లేటు మీది క్యూఆర్ కోడుకు ఫోను చూపించి, ఆ తెరను ఆమె ముఖం ముందు పట్టుకున్నాడు. అందులో వదిన ఫొటో ఉంది, వదిన పేరుంది. "ఈ ఇంటికి హోస్టువి, అద్దెకిచ్చే మనిషివి నువ్వే. నీ పేరు మీదే రిజిస్ట్రేషన్. నిన్న బాల్కనీ రెయిలింగు ఊడి నీ ఇంట్లో దిగినవాడు కింద పడ్డాడు, నడుం విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. మరి ఎవర్ని తీసుకుపొమ్మంటావ్?"

ఆ ప్లేటును ఏడాదిగా రోజూ తుడిచింది వదినే. అది మెరవకపోతే ఆ అద్దె ఇళ్లన్నీ నడిపే కాంట్రాక్టరు తిట్టేవాడు.

దుప్పట్ల బండి వెనక నక్కి ఇదంతా చూస్తోంది దుప్పట్లక్క. పదకొండింటికి పాత అతిథులు ఖాళీ చేశాక, రెండింటికి కొత్తవాళ్లు వచ్చేలోపు ఆ భవనంలో పక్కలన్నీ మార్చేది ఆమే. అందుకే ఆ పేరు. వదిన ఆమె భర్తకు తోడబుట్టిన అక్క. ఆ రెయిలింగు వదులైందని వదిన కాంట్రాక్టరుకు రెండుసార్లు మొరపెట్టుకోవడం దుప్పట్లక్క చెవులారా విన్నది. రెండోసారి చెప్పినప్పుడు ఆయన ఆ వదులు కనపడకుండా ఒక పూలకుండీ పెట్టించాడు. ఆ మాట చెప్పాలని నోరు తెరిచింది. మళ్లీ బండి వెనక్కే వంగింది. వదినను ఎక్కించారు, లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

ఆమెను నిందించకండి. ఆ నిమిషంలో ఆ నడవాలో మీరున్నా అంతే.

మధ్యాహ్నానికి అందరూ కింద బట్టలుతికే గదిలో చేరారు. మాటలు పైకి వినపడకుండా మిషన్లన్నీ ఆన్ చేశారు. అప్పటికే ఎవరి ఫోనుతో వాళ్లు ప్లేట్లు చూసుకుని వచ్చారు. పదకొండు ఇళ్లు, పదకొండు ప్లేట్లు, పదకొండు మంది పనివాళ్ల ఫొటోలు.

"నిరుడు ఏప్రన్లు కుట్టిస్తామని ఆధార్ కార్డులడిగారు చూడు, అప్పుడే" అంది వంటగదులు తుడిచే కళ్లజోడు పిన్ని. "ఫోనుకొచ్చిన అంకెలు చెప్పమంటే నేను ముందంటే నేను ముందని చెప్పాం."

"ఏప్రన్లు వచ్చాయి కదా!" అంది ఒకామె అమాయకంగా. ఎవరికీ నవ్వు రాలేదు.

చదువొచ్చిన ఆ పిన్నే రూలంతా ఫోనులో చదివి వినిపించింది. రోజుల లెక్కన ఆన్‌లైన్లో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు పేరు నమోదు చేయించుకోవాలి. ఒక మనిషికి ఒక్క ఇల్లే. ఏం జరిగినా హోస్టుదే బాధ్యత. పెద్దోళ్లు ఇళ్లన్నీ చుట్టబెట్టుకుంటే మామూలు జనానికి తలదాచుకునే చోటు కరువవుతోందని ఆ రూలు తెచ్చారట. కాంట్రాక్టరు తన ఇళ్లను ఒక్కొక్కరి పేరు మీద ఒక్కోటి నమోదు చేయించి దాన్ని వీళ్ల మెడకే చుట్టాడు.

"పారిపోదాం."

"ఎక్కడికే? ఫొటోలు వాళ్ల దగ్గరుంటే!"

"పోయి కాంట్రాక్టరు కాళ్లు పట్టుకుందాం."

"పొద్దున్నే పట్టుకున్నా" అంది పిన్ని. "నోరు మూసుకుంటే లాయర్ని పెడతాడంట. తెరిస్తే తర్వాతి కేసు మన మీదేనంట."

తన పేరు మీదున్న ఇంట్లో గీజరు వైరు మాడిన వాసన వేస్తోందని దుప్పట్లక్కకు తెలుసు. ఈ రోజు వదిన, రేపు తను.

మూలన దిండు గలీబులు ఇస్త్రీ చేస్తున్న అత్త అప్పటిదాకా తలెత్తలేదు. వదిన ఆవిడకు కన్నకూతురు. "ఇంకేం రాశారే అందులో?" అంది.

"హోస్టు ఆ ఇంట్లోనే కాపురముండాలంట. హోస్టు రమ్మంటేనే ఎవరైనా లోపలికి రావాలంట."

"నా కూతురు ఒక్కపూటన్నా ఆ మంచమెక్కిందా?" ఇస్త్రీపెట్టె నిలబెట్టింది అత్త. "ఉండాలని రాసుంటే ఉందాం."

పిన్ని కళ్లజోడు తీసి అత్త వైపు తిరిగింది. "మనల్ని గెంటాలంటే ఇల్లు తనదని కాంట్రాక్టరు ఒప్పుకోవాలి" అంది మెల్లగా. "ఒప్పుకుంటే కేసు తన మీద పడుతుంది."

"జైల్లో పెడతారత్తా!" దుప్పట్లక్క ఏడ్చేసింది.

"నాకు భయం లేదనుకుంటున్నావా? పద."

మర్నాడు పదకొండింటికి అతిథులు వెళ్లిపోయారు. పోలీసులు సీలు వేసిన వదిన ఇల్లు వదిలేసి, మిగతా పది ఇళ్లలో పనివాళ్లు పక్కలు మార్చారు, నేల తుడిచారు, ఇక బయటికి రాలేదు. సామాను లిఫ్టులో గిన్నెలు, చాపలు, పసిపిల్లలు, ముసలివాళ్లు వచ్చారు. వేలసార్లు పరిచిన మంచం మీద దుప్పట్లక్క మొదటిసారి కూర్చుంది, అదీ అంచున. అత్త మాత్రం నేల మీదే చతికిలపడింది. "ఆ పరుపులో కూరుకుపోతే నన్ను లేపడానికి నలుగురు రావాలి" అంది. దుప్పట్లక్కకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

రెండింటికి తలుపు దబదబలాడింది. అత్త వద్దన్నా వినకుండా దుప్పట్లక్క తీసింది. పక్కింట్లో పసిపిల్లలున్నారు, ఆ తలుపు బద్దలుకొడతారేమోనని ఆమె భయం. కాంట్రాక్టరు, ఇన్‌స్పెక్టరు, ఇద్దరు పోలీసులు, వాళ్ల వెనక పెట్టెలతో కొత్త అతిథులు నిలబడి ఉన్నారు.

"ఎవరే నువ్వు లోపల?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

దుప్పట్లక్క తలుపు రెక్కను రెండు చేతులా పట్టుకుంది. "హోస్టునండీ. కావాలంటే ప్లేటు చూసుకోండి."

"హోస్టా నీ మొహమా!" కాంట్రాక్టరు ఎగిరిపడ్డాడు. "ఇల్లు నాది! పదకొండూ నావే! వీళ్లంతా నా దగ్గర పాచిపని చేసేవాళ్లు!"

నడవాలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ప్రతి గడపలో ఒక ఏప్రను.

"ఆ మాట రాసుకోండయ్యా" అంది దుప్పట్లక్క. నిన్న రాని మాట ఇప్పుడొచ్చింది. "మా వదిన కూడా పనిమనిషేనని రాసుకోండి. రెయిలింగు ఊగుతోందని రెండుసార్లు చెబితే ఈయన పూలకుండీ పెట్టాడని రాసుకోండి. నేను విన్నాను."

కాంట్రాక్టరు ఒక అడుగు వెనక్కి వేశాడు. "అంటే... పేరుకు వాళ్లే... నేను ఊరికే చూసుకుంటుంటాను..."

"ఇప్పుడే మీవన్నారు కదా, మేమందరం విన్నాం" అంది పెట్టె పట్టుకున్న ఒక అతిథి.

ఇన్‌స్పెక్టరు ఏమీ రాసుకోలేదు. కాంట్రాక్టరును పక్కకు తీసుకెళ్లి గుసగుసలాడాడు. తిరిగొచ్చి దుప్పట్లక్క జబ్బ పట్టుకున్నాడు. "డ్యూటీకి అడ్డం పడ్డందుకు ముందు దీన్ని జీపు ఎక్కించండి. మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే దిగిపోతారు."

ఆమెను లిఫ్టు దాకా నడిపించారు. వెనక గడియ పడిన చప్పుడు వినిపించింది. ఇన్‌స్పెక్టరు తల తిప్పాడు. ఇంకో గడియ. ఆ తర్వాత ఇంకొకటి. పనివాళ్లు తలుపులు మూసుకుని లోపలి నుంచి గడియలు పెట్టుకుంటున్నారు.

దుప్పట్లక్క లెక్కపెట్టింది. తొమ్మిది. పదో ఇల్లు తనది. తన తలుపు తీసే ఉంది, కాంట్రాక్టరు దానివైపు పరుగెడుతున్నాడు. లోపల ముసలి అత్త, లేవాలంటే నలుగురు కావాల్సిన మనిషి. దుప్పట్లక్క కళ్లు మూసుకుంది.

ధడేలుమని తలుపు పడింది, ఆ వెంటనే గడియ. గట్టిగా పడిందో లేదోనని లోపలి నుంచి ఒకసారి లాగి చూసుకున్న చప్పుడు కూడా వినిపించింది.

"కోడలా!" అని తలుపు వెనక నుంచి అత్త కేక పెట్టింది. "అక్కడ మా అమ్మాయికి చెప్పు, ఇల్లు ఖాళీ చెయ్యలేదని!"