ఇంజన్ రంకె

నేను ఒక ఇంజన్‌ని. ఎనిమిది సిలిండర్లు, ఇనుప బ్లాకు, నలుగురు పట్టినా కదలని ఒళ్లు. నా పని ఏమిటంటారా, పేలడం. నిమిషానికి కొన్ని వేలసార్లు నా కడుపులో పెట్రోలు పేలుతుంది. ఆ దెబ్బకు పిస్టన్లు కిందికి పోతాయి, చక్రాలు తిరుగుతాయి. మనుషులు దీన్ని ప్రయాణం అంటారు. నేను తన్నులాట అంటాను. మెత్తని మాటలు నాకు చేతకావు. నా కథలో వాటి కోసం వెతక్కండి.

సముద్రాల అవతల ఏదో దేశంలో కరిగిన ఇనుమును ఇసుక అచ్చులో పోసి నన్ను చేశారు. అచ్చు పగలగొట్టి బయటికి లాగారు. కోశారు, తొలిచారు, గీకారు. ఇంత చేసి చివర్లో నూనె రాసి బుజ్జగించారు. ఒక ఖరీదైన కారులో ఎక్కి హైదరాబాదు వస్తే, ఒక కాంట్రాక్టరుగారి అబ్బాయి కొత్త రోడ్డు మీద నా బలం చూద్దామనుకున్నాడు. చూశాడు. కారు వంతెన స్తంభానికి అతుక్కుపోయింది. అబ్బాయిది తలరాత అన్నారు అందరూ. అతని కాలి బరువు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నన్ను మాత్రం విప్పి గుంటూరులో పాత సామాన్ల కొట్టుకు తోలారు.

అక్కడికి నన్ను వెతుక్కుంటూ ఇద్దరు వచ్చారు. ఒకరు నర్సరావుపేట మెకానిక్కు ఖాజావలి. రెండోవారు అంకమ్మరావు, పల్నాటి రైతు, ఒకప్పుడు బండలాగుడు పందేల్లో పేరుమోసిన ఎడ్ల ఆసామి.

"సరిగ్గా కడితే నాలుగొందల యాభై గుర్రాల బలం బావా" అన్నాడు ఖాజావలి.

"గుర్రాల సంగతి నాకెందుకు? ఎన్ని జతల ఎడ్లో చెప్పు."

"ఎడ్ల లెక్క నీకెందుకులే ఇంక" అన్నాడు ఖాజావలి. అని నాలుక కరుచుకున్నాడు.

ఎందుకో తర్వాత తెలిసింది. అంకమ్మరావుకు ఎర్రోడు అనే గిత్త ఉండేది. ఒక పందెంలో బండ లాగుతూ లాగుతూ అది గట్టిగా రంకె వేసింది. జనం ఈలలు వేశారు. ఈయన దాన్ని పౌరుషం అనుకుని ముల్లుకర్రతో ఇంకో పోటు పొడిచాడు. గిత్త ముక్కుల్లోంచి నెత్తురు కక్కి కాడి కిందే కూలిపోయింది. దాన్ని తన చేలోనే పూడ్చి, పసుపు కుంకుమ చల్లి, ప్రాణమున్న దేన్నీ ఇక పందేనికి కట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. గిత్త చచ్చింది గానీ పందెం పిచ్చి చావలేదు. తిరునాళ్లలో ట్రక్కులతో బండ లాగించే పోటీ పెట్టారని తెలియగానే మనిషికి మళ్లీ నిద్ర కరువైంది.

"దీనికి ప్రాణం లేదుగా" అంటూ నా డొక్క మీద చరిచాడు. "ఎంత కొట్టినా పాపం రాదు."

నన్ను ఒక పాత మిలటరీ ట్రక్కు కోసం కట్టడం మొదలుపెట్టారు. పోటీకి ఒక నియమం ఉంది. అందరూ ఊరి బంకు పెట్రోలే పోయించుకోవాలి, ఆపైన కమిటీ వాళ్లు ట్యాంకు మూతకు సీలు వేస్తారు. వేరే ఏ ఘాటైన సరుకూ పనికిరాదు. చిక్కంతా ఇక్కడే ఉంది. సిలిండరులో పెట్రోలును ఎంత బిగించి నొక్కితే అంత బలం వస్తుంది. మరీ నొక్కితే బంకు పెట్రోలు ఓర్చుకోదు, తన వంతు రాకముందే పేలి పిస్టన్ నెత్తిన గుద్దుతుంది. ఎక్కడిదాకా నొక్కాలి, ఎక్కడ ఆగాలి అన్నదే కట్టేవాడి పనితనం.

ఖాజావలి సిలిండర్ల బోరు పెద్దది చేశాడు, గట్టి పిస్టన్లు దించాడు, నొక్కుడు పెరిగేలా వాటి పైమూత హెడ్డును గీకి ఒక హద్దు దగ్గర ఆపాడు. అంకమ్మరావు ఊరుకోలేదు.

"ఇంకొంచెం గీకు."

"వద్దు బావా, అంచుకొచ్చాం."

"నీ చేతి పనికి జిల్లాలో తిరుగులేదంటారు. ఉత్తదేనా?"

పొగిడితే పొంగనివాడు నాకింతవరకూ తగల్లేదు. ఖాజావలి ఇంకొంచెం గీకాడు. ఆనక ట్రక్కు నడపబోయే ఏడుకొండల్ని పక్కకు పిలిచాడు. ఏడుకొండలు అంకమ్మరావు ఒక్కగానొక్క కొడుకు, నెమ్మదైనవాడు.

"చూడు అల్లుడూ. పొద్దున చల్లటి పూట అయితే ఇది రాక్షసి. ఎండెక్కితే దీన్ని నమ్మమాక. లోపల డబ్బాలో కంకర గిలకొట్టినట్టు చప్పుడొచ్చిందా, కాలు తీసెయ్. బండ యాడుంటే ఆడనే ఉండనీ."

"తీస్తా మావా."

"మీ నాయన వద్దన్నా?"

ఏడుకొండలు తండ్రి వైపొకసారి చూసి, "తీస్తా" అన్నాడు.

మొదటిసారి నన్ను రాజేసినప్పుడు షెడ్డు రేకులు దడదడలాడాయి, వీధి కుక్కలు ఊరి బయటికి పరిగెత్తాయి. వాగులో పరీక్షకు దిగి రెండు ఇరుసులు విరిచాను. ఒక గొలుసు తెంపితే అది ఎగిరి కల్లంలో మంచెను కూల్చింది. ఎంత బాగుందో చెప్పలేను.

పోటీ సూర్యోదయానికే అన్నారు. కానీ కొబ్బరికాయ కొట్టాల్సిన పెద్దమనిషి మిట్టమధ్యాహ్నానికి గానీ రాలేదు. వచ్చి ఎండను తిట్టుకుంటూ ఉపన్యాసం ఇచ్చాడు. అప్పటికి నా బ్లాకు మీద అట్టు పోయొచ్చు.

"ఈ ఎండలో వద్దు బావా, సాయంత్రం లాగుదామని అడుగు" అన్నాడు ఖాజావలి.

"వంతు పోద్ది" అన్నాడు అంకమ్మరావు.

వాగు ఇసుకలోంచి గట్టు మీదికి బండను లాగాలి. మాదే ఆఖరి వంతు, అంతకుముందు ట్రక్కుల్లో బండను ఎక్కువ దూరం లాగింది ఆగినచోట ఎర్ర జెండా పాతారు. ఏడుకొండలు యాక్సిలరేటరు తొక్కాడు. నేను లేచాను. చక్రాలు ఇసుకను తాటిచెట్టంత ఎత్తున ఎగజిమ్మాయి, గొలుసు బిగిసింది, బండ మూలిగి కదిలింది. ఎడ్ల పక్కన పరిగెత్తినట్టే అంకమ్మరావు తలుపు మీద బాదుతూ పక్కనే పరిగెత్తాడు. జెండా దగ్గరపడుతుండగా నా ఏడో సిలిండరులో పెట్రోలు వంతు తప్పి పేలింది. మళ్లీ పేలింది. కంకర గిలకొట్టిన చప్పుడు మొదలైంది.

"రంకేస్తందిరోయ్" అని జనం ఈలలు వేశారు.

ఏడుకొండలు కాలు తీశాడు. బండ ఆగింది.

అంకమ్మరావు మెట్టు మీదికి ఎగిరి, కిటికీలోంచి లోపలికి వంగి, కొడుకు మోకాలి మీద అరచెయ్యి ఆనించి ఒళ్లంతా మోపి నొక్కాడు.

"తొక్కరా. దీనికేమన్నా ప్రాణమా పోయేది?"

"నాన్నా, చప్పుడు..."

గట్టు మీద నుంచి ఖాజావలి చేతులూపుతూ పరిగెత్తి వస్తున్నాడు. నేను మళ్లీ లేచి బండను జెండా దాకా లాగాను, అతని కేక నా కేకలో మునిగిపోయింది. పిస్టన్ పగిలింది. దాన్ని పట్టి ఉండే కనెక్టింగు రాడ్డు విరిగి, నా డొక్క చీల్చుకుని, ట్రక్కు అడుగు రేకును చీల్చుకుని, ఏడుకొండలు కుడి మోకాలి కింద దిగింది. మోకాలి పైనున్న తండ్రి చేతికి గీత కూడా పడలేదు.

ఆ ఊపుకు బండ జెండా దాటింది. మొదటి బహుమతి మాదేనని మైకులో చెప్పారు.

ఖాజావలి తలగుడ్డ విప్పి తొడ బిగించి కట్టి, పిల్లవాణ్ణి ఎవరి కారులోనో ఆసుపత్రికి తీసుకుపోయాడు. అంకమ్మరావు ఆ కారెక్కలేదు. నెత్తుటిని చూడలేకపోయాడో, కొడుకు మొహం చూడలేకపోయాడో, నా పక్కన ఇసుకలో చతికిలపడ్డాడు. మర్నాడు ట్రాక్టరు మాట్లాడి నన్ను ఇంటికి చేర్చాడు.

కొన్ని వారాలకు పాత ఇనుము వాడు వచ్చి నన్ను అడిగాడు. అంకమ్మరావు వాణ్ణి బూతులు తిట్టి పంపేశాడు. చేలో ఎర్రోణ్ణి పూడ్చిన చోటు పక్కనే జేసీబీతో గొయ్యి తీయించి, ట్రక్కులోంచి నన్ను ఊడదీయించి దింపించాడు. నా నెత్తిన పసుపు పూసి, ఎనిమిది సిలిండర్లకూ కుంకుమ పెట్టాడు. "నీకూ ప్రాణముందని తెలవలేదే" అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇన్ని చేతులు మారాను, నా కోసం ఏడ్చినవాణ్ణి చూడటం అదే మొదలు. గర్వంగానే ఉంది.

ఆయన రెండు పారల మట్టి వేసేసరికి గట్టు మీద చంక కర్రల చప్పుడైంది. ఏడుకొండలు వచ్చి గోతి అంచున నిలబడ్డాడు. కుంకుమను చూశాడు. గొంతు పెంచలేదు.

"ఆసుపత్రిలో నా కాలు కోసి మూటగట్టి ఖాజా మావ చేతికిచ్చారంట నాన్నా. ఆయనొక్కడే పోయి యాడనో పూడ్చొచ్చాడు. నువ్వు దీన్ని ఇంటికి తోలించుకునే పనిలో ఉన్నావు." "యాడ పూడ్చారో ఏనాడన్నా అడిగావా?"

అంకమ్మరావు చేతిలోంచి పార జారి నా మీద పడింది. అది ఖంగున మోగింది. ఏడుకొండలు కర్రలు తిప్పుకుని వెళ్లిపోయాడు. చాలాసేపటికి తండ్రి గోతి దగ్గర్నుంచి కదిలి, ఖాజావలి ఉండే నర్సరావుపేట దారి పట్టాడు.

మిగతా మట్టి ఇప్పటిదాకా పడలేదు. సగం పూడి, సగం తేలి ఉన్నాను. వానాకాలంలో నా డొక్కలోని కంతలో నీళ్లు నిలుస్తాయి, కప్పలు చేరతాయి. కుంకుమ ఎప్పుడో కరిగిపోయింది. పార ఇంకా నా మీదే ఉంది.